నలభై పాళ్ళు

తడి బల్బుకు చుట్టిన గుడ్డ మార్చాను.
రెండు థర్మామీటర్ల మధ్య తేడా రాసుకున్నాను.
పొద్దున ఎనిమిదిన్నర, హన్మకొండ.
తేడా తక్కువ. చాలా తక్కువ.
ఏప్రిల్ చివర్లో ఇంత చెమ్మ ఏమిటి?
ఎవరో రాత్రికి రాత్రి సముద్రాన్ని
ఖమ్మం దాటించి తెచ్చి
మా ఆఫీసు పెరట్లో దించి పోయినట్టుంది.

కింద ఆగ్నేయం గాలి, తడితడిగా.
పైన వాయవ్యం, చంద్రపూర్ బొగ్గు మీదుగా, ఎండుగా.
ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని
దుప్పటి పిండినట్టు
సాయంత్రానికి ఆకాశాన్ని మెలిపెడతాయి.
ఆ నీళ్ళు ఎవరి వాకిట్లో కారతాయో
చెప్పడానికే నాకు జీతం.
నాకు తెలియనిదీ అదే.

పదకొండింటికి ఫోను. ఏనుమాముల యార్డు నుంచి ఐలోని,
హమాలీల పెద్ద. ముందు తుమ్ము, తర్వాత మాట.
"మేడం, వస్తదా, రాదా? ఒక్కటి చెప్పు."
నలభై శాతం, అన్నాను.
"అంటే, వంద బస్తాలల్ల నలభై కప్పాల్నా?"
ఎగతాళి అనుకున్నాను.
యార్డులో పరదాలు ఉన్నది ఆ నలభైకేనట.
ఇలాంటి రోజులు పది వస్తే
నాలుగు రోజులు పడుతుందని అర్థం, అని చెప్పబోయాను.
"పది దినాలెక్కడియి మేడం, మిర్చి కాంటా ఇయ్యాల్నే."

తాడ్వాయి అడవి గుర్తొచ్చింది.
చెట్లు కూలిన వారానికి వెళ్ళాను, దిక్సూచి పట్టుకుని.
ఏ మొద్దు ఏ దిక్కుకు తలపెట్టి పడుకుందో
ఒక్కొక్కటే రాస్తూ పోయాను.
నాలుగు వందల దగ్గర పెన్ను ఆగింది.
సుడి తిరిగిన గాలా,
మబ్బు కడుపులోంచి ఒక్కసారే కుమ్మరించిన గాలా,
పెద్దవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.
నా రిజిస్టరులో ఆ రోజు ఎదురుగా
"ఓ మోస్తరు వాన" అని ఉంది.
ఒక్క మనిషీ పోలేదు కనుక
అంచనా ఏమైందని నన్నెవరూ అడగలేదు.
టేకులు అడగవు కదా.

మూడు దాటాక కాజీపేట పట్టాల అవతల
మబ్బు లేచింది, నెత్తిన దాగలి మోస్తూ.
హైదరాబాద్ రాడార్ బొమ్మలో ఎర్ర చుక్క,
చూస్తుండగానే గోరంత, చూస్తుండగానే అరచేయంత.
వరంగల్ మీద పసుపు చెరిపి నారింజ పూశాను.
రాయపర్తి మీద చెయ్యి ఆగింది.
పసుపే ఉంచాను.

ఏనుమామలలో దుమ్ము లేచింది, రెండు చినుకులు పడ్డాయి.
ఐలోని మళ్ళీ ఫోను చెయ్యలేదు.
రాయపర్తిలో
పన్నెండు నిమిషాలు రాళ్ళు కురిశాయి.

తెల్లారి మొదటి బస్సుకు
గుగులోత్ కౌసల్య వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బా.
"రాయి తెచ్చిన. ఎంత ఉండెనో రాసుకో."
రాత్రంతా ఎవరి ఫ్రిజ్‌లోనో దాచిందట.
వర్ధన్నపేటలో బస్సు అరగంట ఆగిందట.
మూత తీస్తే నీళ్ళు,
నీళ్ళ మీద ఒక వడ్లగింజ.

కొలగాజులో పోశాను. పదమూడు మిల్లీలీటర్లు.
"పెద్దదేనా?"
నిమ్మకాయంత, అన్నాను.
"ఆ, గంతే ఉండె," అంది, సాక్ష్యం దొరికినట్టు.
కల్లం సంగతి ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు.
గింజను కొంగున ముడేసుకుని
ఖాళీ డబ్బాతో బస్సుకు వెళ్ళిపోయింది.

ఎనిమిదిన్నర కావస్తోంది.
తడి బల్బు కింద సీసా అడుగంటింది.
గాజులో ఉన్న ఆ నీళ్ళే పోసి
గుడ్డ తడిసేదాకా ఆగాను.