మోకు

నిజంగా జరిగిన కథ అని
తెర మీద తెల్లటి అక్షరాలు పడంగనే
పాలమూరు టాకీసుల మా అవ్వ
నా ముంజెయ్యి గట్టిగ పట్టుకున్నది.
ఆమెకు సదువు రాదు,
పక్కసీటు పిల్లగాడు సదివి చెప్పిండు.

సినిమాల మా కుర్మయ్య మస్తు పొడుగున్నడు.
పండ్లు తెల్లగున్నయి.
మాటమాటకు ముందర ఒక 'గ' అతికిచ్చి
మా యాస మాట్లాడిండు.
అయినా అవ్వ,
వాడే, నడక వాడిదే అన్నది.

బాయి మాత్రం మాదే.
దేవరకద్ర దాటినంక, ఎర్రమట్టి దిబ్బ అవతల,
పూడిక తియ్యనీకి దిగిన అదే బాయి.
పాతదాని లెక్క కనపడాల్నని
పాత గిలకకే తుప్పురంగు ఏసిండ్రు.

ఆ దినం వాన లేదు.
కాకి నోరు తెరిచే ఎండ.
వీళ్లు ట్యాంకర్లతోని వాన కురిపిచ్చిండ్రు.
షూటింగు నాడు ఊరంత బిందెలు పట్టుకొని
ఆ వాన కిందికి ఉరికితే
డైరెక్టరు కట్ కట్ అని మొత్తుకున్నడు.

మట్టి కూలేముందు వాడు పైకి చూసి
"నేను పోయినా సరే, ఊరికి నీళ్లు రావాలె" అంటడు.
హాలంత చప్పట్లు, ఈలలు.
నా ఎనక ఎవరో ముక్కు చీదుతున్నరు.

వాడు అన్నది నాకొక్కనికే ఇనపడ్డది.
"అన్నా, మోకు జర ఇడువు, నడుం కోస్తున్నది."
గంతే.
అంతకుముందు బీడీ అడిగిండు, మళ్లిస్త అన్న.

ఇడిసిన.

కథ రాసేటాయన నోటుబుక్కు పట్టుకొని వచ్చిన నాడు
చాయ మీద మీగడ కట్టేదాంక నేనేం మాట్లాడలె.
ఆఖరుకు చెప్పిన:
మోకు తెగింది సార్. పాతది.
కంట్రాక్టరుకు చెప్పినం, కొత్తది కొనియ్యలె.
ఆయన 'తెగింది' కింద రెండు గీతలు గీసిండు.

గిప్పుడు తెర మీద తెగుతున్నది
పోగు పోగు, దగ్గరికెల్లి,
డోలు దరువుతోని.
పైన నిలవడ్డ అన్న, నా ఏషం కట్టినాయన,
నెత్తురు కారే చేతులతోని
తెగిన కొస పట్టుకొని ఏడుస్తున్నడు.
అవ్వ ఆ చీకట్ల
నా అరచెయ్యి తిప్పి చూసింది.
మెల్లగ రుద్దింది. ఏమనలె.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల అందరికీ చెప్పింది,
ఊరికి నీళ్లు రావాలె అన్నడు నా కొడుకు, ఆఖరు మాట.
కండక్టరు నా టికెట్టుకు పైసలు తీసుకోలె.

ఆ మోకు ఇంట్లనే ఉన్నది.
ఒక్క పోగు సుత తెగలె.
బర్రెను దానితోనే కడ్తం,
రోజూ మాపటికి కట్టేది అవ్వనే.