ఆదివారం కోసం అర్జీ

నేనుండేది బుధవారపేట.
కోర్టును అడిగింది ఆదివారం.
ఖైరున్నీసా మేడం నవ్వింది, నవ్వినందుకు మళ్లా
"తప్పనుకోవద్దు ఉరుకుందమ్మా" అంది.

మూడేండ్ల కిందటి ఆర్డరు నా మిషను సొరుగులో ఉంది,
బాబిన్ల డబ్బా కింద, నూనె మరక పడి.
మడతల కాడ చినిగితే
వెనక క్యాన్వాసు ముక్క అంటించినా.
పిల్లోడు ఈరేశు తల్లి కాడ ఉండవలె.
తండ్రి మద్దిలేటి ప్రతి ఆదివారం పదింటికి తీసుకపోయి
ఆరింటికి ఒప్పజెప్పవలె, సి.క్యాంపు రైతుబజారు గేటు కాడ.
నెలకు ఐదువేలు, ఐదో తారీకు లోపల, బ్యాంకులో.
బడి ఫీజు చెరిసగం. సెలవులు చెరిసగం.

ఆ పొద్దు అది చదివి, గెలిచినా అనుకున్యా.

లెక్క తర్వాత తెలిసింది.
సోమవారం నాది: ఆరని సాక్సు, దొరకని బెల్టు.
మంగళవారం నాది: ఎక్కాలు, ఏడుపు, ఒక దెబ్బ.
జరమొచ్చిన రాత్రులన్నీ నావే.
ఆయనది ఓర్వకల్లు రాళ్లు,
బోటు, ఐసు, ఉప్పుకారం పూసిన జామకాయ.
గేటు కాడ బండి దిగి పిల్లోడు అంటాడు:
"నాయన ఎప్పుడూ అరవడు మా."
యాల అరుస్తాడు?
హోంవర్కు ఎప్పుడన్నా ఆయన చేతికొచ్చిందా?

చెడ్డోడు కాదు, అది గూడా చెప్పల్ల.
ట్రాక్టర్ల షోరూము మూతపడిన ఎండాకాలం
నాలుగు నెలలు దుడ్లు పడలేదు.
దుడ్డియ్యనోనికి పిల్లోన్ని ఎందుకు చూపిచ్చల్ల అని
ఒక ఆదివారం తలుపుకు గడియ పెట్టినా.
మేడం ఫోన్లోనే గట్టిగా అనింది:
"ఆ ఐదువేలు నీవి కావు, పిల్లోనివి.
రాకుంటే వసూలుకు పిటిషనేస్తాం.
ఆదివారం గూడా పిల్లోనిదే.
ఒకదాని కోసం ఇంకోటి తాకట్టు పెట్టేది లేదు."
గడియ తీసినా.
పిటిషనేసినాం. తొమ్మిది వాయిదాలు, మూడు కంతులు.
రెండో కంతు కట్టిన నాడు ఆయన చేతికి గడియారం లేదు,
దాని తెల్లటి అచ్చు ఉంది.
నేను చూడనట్లే సంతకం పెట్టినా.

ఇప్పుడు ఈ అర్జీ.
"అయిపోయిన ఆర్డరు మళ్లా మారుస్తారా మేడం?"
నా మెడలో టేపు చూసి అడిగింది:
"పెరిగే పిల్లోని నిక్కరు ఎట్ల కుడతావు?"
రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి పెడతా,
మీటరు ఎంత ధరున్నా సరే.
"పిల్లల ఆర్డర్లూ అంతే. మడత ఇడిచే రాస్తారు."

జడ్జమ్మ వాన్నొక్కన్నే లోపలికి పిలిచింది.
బయట బెంచీకి ఆ కొస మద్దిలేటి, ఈ కొస నేను,
నడుమ వాని బ్యాగు.
బ్యాగు జిప్పు సగం ఊడింది. ఆయనా చూసినాడు, నేనూ చూసినా.
ఏం చెప్పినావురా అని దోవలో ఎవరూ అడగలేదు.
వాడే అన్నాడు, ఆటోలో:
"అమ్మకు ఆదివారం లేదని చెప్పినా."

కొత్త ఆర్డరు ఒక్క పేజీ.
నెలలో రెండు ఆదివారాలు నాకు.
మిగతా ఆదివారాల ముందు రాత్రి
పిల్లోడు తండ్రి కాడ పండుకోవచ్చు.
ఆ రాత్రుల సంగతి నేను అడగలేదు, అదీ వచ్చింది.

నా మొదటి ఆదివారం, మిషను మీద గుడ్డ కప్పినా.
ఉగ్గాని చేసినా, బజ్జీలేసినా.
తొమ్మిదిన్నరకు లేచి, ఒక బజ్జీ సగం కొరికి
"ఇప్పుడేం జేద్దాం మా?" అన్నాడు.
నాకు తెలీలేదు.
ఆరు రోజుల పని వచ్చు, ఏడో రోజు ఎట్ల గడపల్లో
ఎవరూ నేర్పలేదు.

వాడు నా ఫోను తీసుకోని గడప మీద కూచున్నాడు.
"నాయనా,
అమ్మను ఓర్వకల్లుకు తీసకపోవల్లంటే
ఏ బస్సెక్కల్ల?"
అవతల కొంచేపు సప్పుడు లేదు.
తర్వాత, నంద్యాల బస్సని,
కిటికీ పక్క సీటు అమ్మకియ్యమని.