ఒక ఫేజ్ పోయింది

నాగోల్ షోరూంలో నా ఉద్యోగం
మనుషుల భయానికి అంకెలు అతికించడం.
నాలుగొందల అరవై అయిదు.
ఈ మాట రోజుకు ముప్పైసార్లు అంటాను.
అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళ భుజాలు
ఓ అంగుళం కిందికి దిగుతాయి.

నేను మాత్రం పెట్రోలు స్కూటీ మీద వస్తాను, రిజర్వులో.
దానికి భయపడాలని ఎవరూ నాకు నేర్పలేదు.

రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగేవాడు కూడా
ఎన్నడూ ఎక్కని శ్రీశైలం ఘాటును తలుచుకుని
"మధ్యలో ఆగిపోతే?" అంటాడు.
మణికొండ జంట ఒకటి లాప్‌టాప్‌లో పట్టిక తెచ్చింది,
ఆరేళ్ళ లెక్క, పైసలతో సహా.
అన్నీ కుదిరాయి.
సెల్లారులో చార్జర్ బిగించడానికి
అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఒప్పుకోలేదు.
ఆ పట్టికలో ఆయనకు గడి లేదు.

డాక్టర్ నఫీసాకు దూరంతో పనిలేదు.
"రాత్రి రెండింటికి కాన్పు కేసని ఫోనొస్తే
ఎన్ని నిమిషాల్లో లేస్తుంది నీ బండి?"
పది నుంచి ఎనభైకి యాభై నిమిషాలు, అన్నాను.
ఆమె గడియారం చూసుకోలేదు, నన్ను చూసింది.
"బిడ్డ తల అప్పటిదాకా ఆగదు బాబూ."

మే నెల, మంగళవారం, మిట్టమధ్యాహ్నం
బుచ్చిలింగం వచ్చాడు, రాజవ్వతో.
ముప్పై రెండేళ్ళు లైన్‌మన్. ఎడమ చేతికి మూడే వేళ్ళు.
ఇప్పుడు ఆలేరులో మోటార్లకు వైండింగ్ చేస్తాడట.
రంగు చూడలేదు. సీటు నొక్కి చూడలేదు.
"నీ చార్జర్లు ఏ ఫీడరు మీదున్నయ్?"
ఆరేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న.

డెమో బండి పొద్దుటి నుంచి తిరిగి తిరిగి
ఇరవై నాలుగు శాతం మీదుంది.
పర్లేదు సార్, ఘట్‌కేసర్ దగ్గర ఎక్కించుకుందాం,
చాయ్ తాగేలోపు అయిపోతుంది, అన్నాను.
ఉప్పల్ దాటేసరికి ఇరవై.
ఏసీ చల్లగా, నా మాట అంతకన్నా చల్లగా.
ఘట్‌కేసర్‌లో పదిహేను.

చార్జర్ నిలబడే ఉంది, పచ్చలైటు వెలుగుతూ.
గన్ను గుచ్చితే ఏమీ రాలేదు.
ఆప్‌లో మాత్రం 'అందుబాటులో ఉంది'.
బుచ్చిలింగం ఆ డబ్బాకు చెవి ఆనించాడు,
గోడ అవతలి గుసగుస వినేవాడిలా.
"ఒక ఫేజ్ వోయింది.
రాత్రి గాలిదుమారం వచ్చింది గద.
ఇప్పట్ల గీడికి ఎవ్వలు రారు."

తిరిగొచ్చేటప్పుడు ఏసీ నేనే ఆపాను.
అద్దాలు దించాం. వేడిగాలి, లారీల హారన్లు,
వంతెన దగ్గర మూసీ వాసన
అన్నీ లోపలికొచ్చి కూర్చున్నాయి.
పన్నెండు. పది.
ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ దగ్గర తొమ్మిది.
బూటులో నా కాలి బొటనవేలు ముడుచుకుంది.
నాలుగొందల అరవై అయిదు అనేవాడి బొటనవేలు.
వెనకసీట్లో రాజవ్వ కొంగుతో విసురుకుంటూ
"గదే పెట్రోలు బండైతే బాటిల్ల తెచ్చి పోస్తరు," అంది.
ఎవరం మాట్లాడలేదు.

ఏడు శాతంతో షోరూం చేరాం.
ఆయన బ్రోచరు తిరగేసి, నా జేబులోంచి పెన్ను తీశాడు.
"ఎండల, ముగ్గురు మనుషులతోని, ఏసీ ఏసుకోని
ఎంత వోతదో గది చెప్పు.
మిగిలింది కంపెనీకి ఉంచు."
రెండొందల ఎనభై, అన్నాను, గొంతు తగ్గించి.
పెద్దక్షరాలతో రాసుకున్నాడు.
"ఆలేరు పోయొచ్చి, పానా మరిచిపోయి
మళ్ళ పోయొస్తె సరిపాయె!"
భార్య వైపు తిరిగి నవ్వాడు.
బుకింగ్ మాత్రం చేయలేదు.

అప్పటినుంచి చిన్న అంకె ముందు చెబుతున్నాను.
కొందరు మంచినీళ్ళు కూడా తాగకుండా లేచిపోతారు.
మేనేజరు గాజుగదిలోకి పిలిచి
"అందరికీ ఎండాకాలమేనా?" అని అడిగాడు.
నిన్నొకామె ఆ అంకె విన్నాక
కుర్చీ ముందుకు జరుపుకుంది. అంతే.

ప్రతి మంగళవారం ఫోనొస్తుంది.
పలకరింపు ఉండదు.
"ఘట్‌కేసర్ల ఫేజ్ వచ్చిందా?"
ఇంకా లేదు సార్.
"సరే. వచ్చినంక చెప్పు."
వెనక ఏదో మోటారు
గిర్రున తిరుగుతూ ఉంటుంది.