ఐదు గీతలు

మ్యాపు మీద ఐదు పెన్సిలు గీతలు.
డబ్బు రెండింటికే ఉంది.
ఏ దారి ముందో ఏ దారి వెనకో
శుక్రవారానికల్లా మార్కులేసి ఇమ్మన్నారు.

నేను కొలతల మనిషిని.
నా చేతిలో ఒంటిచక్రం బండి.
మీటరుకోసారి టిక్కుమంటుంది,
ఎవరి నేల మీద దొర్లుతోందో దానికి పట్టదు.

యారాడ కొండ భుజం మీద టిక్కు టిక్కు.
ఒక పక్క హార్బరు క్రేన్లు, ఒక పక్క ఒట్టి నీలం.
ఎక్కేటప్పుడు ఒంటికి అతుక్కున్న చొక్కాని
పైన గాలి ఒక్క ఊపున ఊడదీసింది.
అందానికి పదికి పది.
బస్సు దిగిన చోటు నుంచి ఆటోవాడు ఎంత అడిగాడో
రాయడానికి ఫారంలో గడి లేదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర
చక్రాన్ని చంటిపిల్లలా ఎత్తుకు నడిచాను.
వాన గోళ్ళతో గీరి గీరి చెక్కుకున్న ఒళ్ళది,
మన చెప్పుల అచ్చులు ఎన్ని మోస్తుంది?
"వెయ్యొద్దు" అని రాశాను.
ఆ రోజు జీతం ఆ ఒక్క మాటకే గిట్టింది.

సింహాచలం కొండ వెనక వాలులో
జీడితోపు కాపలా కుక్క తరిమింది.
కొలత అసంపూర్తి.

ముడసర్లోవ గట్టు చదును.
స్టీల్‌ప్లాంటులో మోకాళ్ళు అరగదీసుకున్న
వేచలపు సన్నిబాబు గారు నాతో పాటు నడిచి
రెండు వందల పదో టిక్కు దగ్గర నిలబడిపోయారు.
"బెంచీ ఇక్కడ" అన్నారు,
అడగడం కాదది, ఆయాసం.
నేను గుర్తు పెట్టుకున్నాను.

మీటింగులో సైకిళ్ళవాళ్ళు తారు కావాలన్నారు,
పక్షుల కుర్రాళ్ళు దీపాలొద్దన్నారు,
అడవి శాఖాయన హద్దురాళ్ళ గురించే మాట్లాడి
రెండోసారి టీ తాగి వెళ్ళిపోయాడు.

ఐదో గీతని ఎవరూ అడగలేదు.
అరిలోవ పైన మెట్టిళ్ళ వెనక నుంచి
కొండ నెత్తి దాటి అవతలికి దిగే సన్నటి తెల్లచార.
పైనుంచి తీసిన ఫొటోలో నాకే కనపడి
నేనే గీశాను.

తెల్లారకుండా వెళితే ఎదురొచ్చింది బొట్ట ఎర్రయ్యమ్మ.
కొంగులో ఇడ్లీ పొట్లం,
అవతల అపార్టుమెంట్లలో నాలుగిళ్ళ అంట్లు.

"ఏటి బావూ కొలుత్తన్నావు?"
"దారమ్మా."
"దారున్నాది కదేటి."
"ఇంకా మంచిది. రాళ్ళు పరిచి, పేరెట్టి, బోర్డెట్టి..."
"గేటు కూడానా?"

చక్రం ఆగింది.

"టికెట్టెట్టీసినాక మేవెటెల్తాం?
చుట్టూ తిరిగితే రెండు బస్సులు."

నా దగ్గర జవాబు లేదు.
ఆమే తీర్మానం చేసింది:
"ఈ నున్నటి బండ కాడ మూడు మెట్లు.
ఆ మలుపులో లైటొక్కటి.
అంతే బావూ, ఇంకేటీ అందంగా సేసీకండి."

ఆమె దిగిపోయింది,
చీకట్లో ప్రతి రాయీ పాదానికి తెలిసినట్టు,
ఆ ఒక్క బండ దగ్గర మాత్రం
చెప్పులు చేత్తో పట్టుకుని.

శుక్రవారం.
ముడసర్లోవ ఒకటి, యారాడ రెండు.
ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో అలిగారు.
ఐదో గీతని రబ్బరుతో చెరిపేశాను,
కాపాడుతున్నానో కప్పెడుతున్నానో తెలియకుండానే.
నొక్కి గీసిన చోట కాగితం మీద
ఇంకా గాడి తగులుతోంది వేలికి.

చిల్లర మరమ్మతుల జాబితాలో
రెండు డ్రైనేజీ మూతల మధ్య ఇరికించాను:
మెట్లు మూడు, దీపం ఒకటి.
పక్షుల కుర్రాళ్ళు గుర్తొచ్చి
"దీపం నేలకు వంచి" అని కలిపాను.

"ఇదెక్కడయ్యా?" అన్నారు ఇంజనీరు గారు.
"అరిలోవ అవతల సార్."
"దారి పేరు?"
"లేదు సార్."
"పేరు లేనిదానికి బిల్లెలా పాసవుతుంది?"

అని కిటికీ వైపు చూశారు.
సంతకం పెట్టలేదు.
పెన్నుకి మూత కూడా పెట్టలేదు.