జిగురు

జూటుమిల్లు గోడకి మా తాత దాలయ్య
నలభై ఏళ్లు కాగితాలు అంటించాడు.
చదువు రాదు.
తలకాయ పైకి, కాళ్లు కిందికి,
అదొక్కటే చూసుకునేవాడు.

అతనెరిగిన మొదటి యుద్ధం మైదా దొరకని ఏడు.
చింతగింజలు నానేసి, దంచి, జిగురు కాశాడు.
మద్రాసు నుంచి దిగిన బొమ్మలో
బుగ్గలున్న సిపాయి, ఎదురుగా నిండు పళ్లెం:
పటాలంలో చేరితే జీతం, బట్ట, రెండు పూటలా తిండి.
మామూలుగా పోస్టర్లు ఆవులు నాకుతాయి.
ఆ ఏడు పిల్లలు నాకారు.
గోడకి లోపలివైపు రాత్రీ పగలూ గోనెసంచులు నేసేవారు,
ఎక్కడో ఎవరో ఇసక నింపుకోడానికి.

చైనా యుద్ధానికి ఆడమనిషి వచ్చింది.
మోచేతి దాకా గాజులు,
ఒక్కోటీ తీసి దేశానికి ఇస్తోంది.
"ఆవిడికున్నాయి, ఇచ్చింది" అంది మా మామ్మ పోలమ్మ.
మర్నాడు తన ముక్కుపుడక ఇచ్చి రసీదు తెచ్చుకుంది.
రసీదు నా దగ్గరుంది.

తర్వాత కొన్ని వచ్చాయి, రంగుల్లేవు.
రాత్రిపూటే అంటించమన్నారు పోలీసులు.
ఉత్త మొహాలు, కింద రూపాయల అంకె.
ఏ యుద్ధమో రాయలేదు.
ఒక మొహానికి జిగురు పూస్తూ తాత చెయ్యి ఆగిందట:
"పార్వతీపురం సంతలో నాకు సింతపండు
తూసిచ్చినోడు లాగున్నాడ్రా."
అంటించాడు.
ఆ మాట మాత్రం పోయేదాకా
అన్నం దగ్గర కూచున్నప్పుడల్లా చెప్పాడు.

డెబ్బై ఒకటిలో, దీపాలార్పండి.
ఆర్పాక అదెలా చదవాలో ఎవరూ అడగలేదు.

కార్గిల్‌కి శివకాశి రంగులు, మంచుకొండ.
నెల్లిమర్లలో మంచంటే ఐసుబండి.
నిచ్చెన మా నాన్న ఎక్కాడు.

హుద్‌హుద్ రాత్రి గోడ మీది అట్టంతా ఊడిపడింది,
అరచేతి మందాన.
పళ్లెం, గాజులు, ఆ మొహాలు, మంచు,
మధ్యమధ్య సినిమాలు, పార్టీ గుర్తులు.
విడదీద్దామని చూశాను. రాలేదు.
తాత జిగురు అలాంటిది.

ఇప్పుడు నాది ఫ్లెక్స్ కొట్టు.
నాలుగు మూలలా కన్నాలు, తాడు. అంతే.
తాత అంటించిన సిపాయి ఎవరి కొడుకూ కాదు, ఎవరో గీసిన బొమ్మ.
నా సిపాయిలకి ఊరుంది, ఇంటిపేరుంది,
కింద శుభాకాంక్షలు చెప్పే అయిదుగురు స్నేహితులున్నారు.

సతివాడ నుంచి తవిటినాయుడు తనే వచ్చాడు,
సెలక్షనైన వారానికి.
"అక్కా, మీసం కొంచెం ఒత్తుగా చెయ్యవా."
చేశాను. నవ్వి, ఇరవై రూపాయలు తగ్గించమన్నాడు.

పదహారు నెలలకి వాళ్ల బావ వచ్చాడు.
"ఫోటో నీ దగ్గరే ఉందంట."

ఫైలు తెరిచాను.
అదే జెండా, అదే ఆకాశం, అదే కొలత.
అభినందనలు అన్న చోట చెరిపాను.
ఆ ఖాళీలో గీత ఒకటి కొట్టుకుంటూ నిలబడింది,
ఏం రాస్తావని.
రాశాను.
బావ బయట, స్కూటరు మీద, ఇటు చూడకుండా.

ప్రింటు కొట్టేముందు
మీసం మాత్రం
వాడిది వాడికి ఇచ్చేశాను.