వెన్ను

తార్తులో, నది ఒడ్డున,
మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టే నెలలో
సాల్మె కొట్టుకి వెళ్ళాను
నా ఈ-రీడర్‌కి తొడుగు కుట్టమని.

నలభై ఏళ్ళు పుస్తకాలకు వెన్ను నిలబెట్టిన మనిషి.
అటూ ఇటూ తిప్పి చూసి
"దీనికి వెన్నేదీ?" అంది.
ఈ ఏడు బైండింగుకి వచ్చినవి తొమ్మిదట,
ఇలాంటి పలకలు అరవై దాటాయట.
"లోపలెన్ని?"
మూడొందల పన్నెండు.
"అన్నీ కలిపి ఇంతే బరువా!"

పుట తిప్పబోతూ
అలవాటుగా వేలు నాలుకకి అద్దుకుంది.
తడి వేలికి పలక పలకలేదు.
ఏప్రన్‌కి తుడుచుకుని మళ్ళీ తాకింది.
కదిలింది.

అక్షరాలు పెద్దవి చేసి చూపించాను.
ఇంకా, అంది.
ఇంకా.
తెర మీద నాలుగే మాటలు మిగిలాయి.
కళ్ళజోడు తీసేసి
ఆ నాలుగూ పైకి చదివింది,
పక్కనున్న నాకు కాదు,
జిగురు గిన్నెకి చెబుతున్నట్టు.

వారానికి తొడుగు తయారైంది.
ఎర్ర తోలు, మైనం పట్టించిన దారం,
కట్టడానికి లోపల కాగితం లేకపోయినా
వెన్ను మీద అయిదు గట్లు.
డబ్బు లెక్కపెట్టి సొరుగులో వేసుకుని
అప్పుడడిగింది:
మధ్యలో ఛార్జింగ్ అయిపోతే
ఆ సగం వాక్యం
రాత్రంతా ఎక్కడ పడుకుంటుందీ అని.