ఎడమ పక్క

హడర్స్‌ఫీల్డ్ స్టేషన్ వెనక సందులో
నార్మన్ హేగ్ కొట్టుకి ఇది మూడో శనివారం.
పర్సులో నాలుగు వందల పౌండ్లు,
మనసులో ఏడు వందల కోరిక.
మా ఇంటికీ పక్కింటికీ ఒకటే గోడ.
నా మందులషాపు డ్యూటీ దిగే వేళకి
గోడ అవతల షనీస్ పాప అప్పుడే నిద్రపోయి ఉంటుంది.
అందుకే స్పీకర్ల మాట ఎత్తొద్దని ముందే చెప్పాను.
"అయితే సంగీతం నీ తలలోనే కాపురం పెట్టాలి, లవ్" అన్నాడు.

మొదటి శనివారం టర్న్‌టేబుళ్ళతోనే సరిపోయింది.
బెల్టు లాగేదా, మోటారే నేరుగా తిప్పేదా?
ఆయన జవాబు చెప్పకుండా
పళ్ళేన్ని వేలితో ఒక్క తోపు తోసి
అది ఆగేదాకా నోరు మెదపలేదు.
కుమ్మరి సారె కూడా అంతే,
తిరగడం ఎక్కడ మానిందో కంటికి దొరకదు.
సూది బరువు ఒకటీ ముప్పాతిక గ్రాము ఉండాలట.
ఆ తూకం నాకు తెలుసు:
మూడున్నర పారాసిటమాల్ బిళ్ళలు.

రెండో శనివారం డ్యాక్‌లు.
అంకెల్ని గాలిగా మార్చే డబ్బాలు.
అగ్గిపెట్టెంతది తొంభై, ఇటుకంతది ఆరు వందలు.
నా పాత హెడ్‌ఫోన్లు తగిలించి రెండూ విన్నాను,
కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాను.
తేడా ఉందనిపించింది.
ధర చీటీ చూశాక ఇంకాస్త ఉందనిపించింది.
ఆ మాటే చెబితే నవ్వి
ఇటుకని అరలోకి నెట్టేశాడు.
ఇదీ ఒక అమ్మకపు ఎత్తేమోనని
అనుమానించాను కూడా, అబద్ధమెందుకు.

ఇవాళ యాంప్లిఫయర్లు.
వాల్వులది వేడెక్కాలి, ఈలోగా టీ.
ఆయన తీసిన రికార్డు ఈ ఊరి నూలుమిల్లు బ్యాండుది,
యాభై ఏళ్ళ కిందటిది. మిల్లు ఇప్పుడు ఫ్లాట్లు.
"రెండో పక్క, పెద్ద బాకా ఊపిరి పీల్చుకునే చోట,
ఎడమ వైపు ఏమైనా ఉందా చెప్పు."

వాల్వుల్లో ఇత్తడంతా తేనెలో ముంచినట్టుంది.
ఎడమ వైపు ఏమీ లేదు.
పక్కనున్న బూడిదరంగు డబ్బాకి తీగ మార్చాడు.
అందం లేదు, లైటు కూడా ఒకటే.
బాకా ఆగింది.
ఉంది.

ఎలా ఉంది, అన్నాడు. కుర్చీ ముందుకి జరిగింది.
ఇంగ్లీషులో వెతికితే గంట తప్ప తగల్లేదు.
గంట కాదు.
తెలుగులో వెతికాను:
ఖంగు కాదు, అది బిందె కిందపడితే.
ఘల్లు కాదు, దానికి గజ్జెలు చాలా కావాలి.
ఇది ఒక్కటే, సన్నగా,
చెంచా అంచు గ్లాసుని అడగకుండా తాకినట్టు.
చివరికి సిగ్గుపడుతూ "టింగు" అన్నాను.
"మేమూ టింగే అంటాం" అన్నాడు నార్మన్.

కవరు వెనక ఫొటోలో మూడో వరస, చివర,
చొక్కా చేతులు పొడుగైపోయిన పద్నాలుగేళ్ళ కుర్రాడు,
చేతిలో వంచిన ఉక్కు ముక్కోణం.
ఆ పాట మొత్తంలో ఆయనకి ఒక్కటే దెబ్బ.
ఇప్పుడు పైస్థాయిలేవీ ఆ చెవులకి ఎక్కవు.
తేనె బాగానే వినిపిస్తుందట,
అందుకే ఇంట్లో వాల్వులే.

బూడిద డబ్బా నూట ముప్పై,
సెకండ్‌హ్యాండ్ టర్న్‌టేబుల్ నూట ఎనభై,
అగ్గిపెట్టె తొంభై.
ఒక్క పౌండు కూడా తగ్గించలేదు మహానుభావుడు.

నిన్న ఫోన్ చేశాడు. కొత్త డబ్బా వచ్చిందట.
నా దగ్గర డబ్బుల్లేవన్నాను.
"కొనమన్నానా?
రెండు నిమిషాలు వచ్చి పో, లవ్,
నేనున్నానో లేదో చూసి చెబుదువు గాని."